మేక కొరికిన కార్డుతో పందెం

టపా సంచి మోసుకుపోయే రన్నరు బల్లేనికి కట్టిన గజ్జెలు కందిచేల అవతల ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. అరుగు మీద అందరం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. పోస్టుమాస్టరు గారు నవ్వుతున్నారు. ఆయన దగ్గర చదువుకునే పిల్లలు నవ్వుతున్నారు. నా కార్డు మూల కొరికిన మేక మాత్రం గంభీరంగా నములుతోంది. మా మేనత్త వెంకమ్మత్త కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూ, ఉన్నట్టుండి ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా వైపు చూసింది.

"ఏమే అమ్మీ, మూల పోయిన కార్డు ఇంటికి పంపించినావా?"

అపాయాన్ని నేను పసిగట్టింది సరిగ్గా అప్పుడే.

మా వైపు ఇంట్లో ఎవరైనా పోతే, ఆ కబురు రాసిన కార్డుకు ఒక మూల కత్తిరించి పంపుతారు. చదువు రానివాళ్ల చేతికి వచ్చినా, చూడగానే సంగతి తెలియాలని. అట్లాంటి కార్డు ఇప్పుడు ఒకటి, నా చేత్తో నేను రాసింది, నంద్యాలలో మా ఇంటికి బయల్దేరింది. ఆ ఇంట్లో ఉన్నది పిల్లలు జేజి అని పిలిచే, అక్షరం రాని మా అత్తగారు, ఆరేళ్ల మా అమ్మాయి కామాక్షి, నాలుగేళ్ల మా బాబు. మా వారు శిస్తు లెక్కల జమాబందీ క్యాంపులో ఊళ్లు తిరుగుతున్నారు. కార్డు చూసి "అబ్బే, ఇది అది కాదు" అని చెప్పే మనిషి ఇంట్లో లేడు.

పోస్టుమాస్టరు గారు నుదురు కొట్టుకుని అరుగు దిగి పరుగెత్తారు. "ఓ నాగన్నా! ఆగు నాగన్నా!" గజ్జెలు ఇంకా వేగంగా మోగాయి. సంచికి లక్క సీలు పడ్డాక ఎవరు పిలిచినా అది ఇంకో ఉత్తరం వెయ్యమని పిలుపేనని అతని నమ్మకమట. అందుకే పిలిచినకొద్దీ పరుగు పెంచుతాడట.

ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. పుల్లలచెరువు దారిలో ఒక పల్లె అనుకోండి. పోస్టుమాస్టరు గారికి మాట ఇచ్చాను.

ముద్రల పిచ్చి

చదువుతున్నవాళ్లు అడగవచ్చు, ఇద్దరు చిన్నపిల్లల తల్లికి ఆ పల్లెలో, ఆ మేక పక్కన ఏం పని అని. మా అత్తగారు కూడా అదే అడిగారు.

నాకు తపాలా ముద్రల పిచ్చి. బిళ్లలు కాదు, ముద్రలు. మద్రాసు హాస్టల్లో నా స్నేహితురాళ్లు కవర్ల మీది బిళ్లలు నీళ్లలో నానబెట్టి ఊడదీసుకునేవాళ్లు. వాళ్లు పారేసిన కవర్లు నేను ఏరుకునేదాన్ని. రాజుగారి తల ఎక్కడైనా ఒకటే. దాని మీద గుండ్రంగా పడే ఊరి పేరు మాత్రం ఆ ఊళ్లోనే దొరుకుతుంది. పెద్ద ఊళ్ల ముద్రలు రోజూ వేలకొద్దీ పడతాయి, వాటి గొప్పేముంది? ఒక బడిపంతులు తన ఇంటి అరుగు మీద, వారానికి నాలుగు ఉత్తరాలు వచ్చే ఊళ్లో, చెక్కపెట్టెలోంచి తీసి వేసే ముద్ర వేరు. ఆ పోస్టాఫీసు ఏ ఏడు మూతపడుతుందో తెలియదు. మూతపడితే ఆ ముద్ర మళ్లీ ఈ భూమ్మీద పడదు.

అందుకని ఎక్కడికి వెళ్లినా అక్కడి నుంచి కామాక్షి పేరున కార్డు రాస్తాను. ఇప్పుడిప్పుడే కూడబలుక్కుని చదివే దానికి ఉత్తరం వస్తుంది, నాకు ముద్ర వస్తుంది. ఈసారి బయల్దేరేముందు దానికి గట్టిగా చెప్పాను: "మూల నలగకూడదు. తడిచేత్తో పట్టుకోకూడదు. తమ్ముడికి ఇవ్వకూడదు. ఏమైనా అయిందో, నేను ఊరుకోను." అది కళ్లు పెద్దవి చేసుకుని తల ఊపింది.

పెళ్లికని నంద్యాల వచ్చిన వెంకమ్మత్త తిరిగి మార్కాపురం వెళ్తూ నన్ను వెంటబెట్టుకుపోతానంది. లేకపోతే మా అత్తగారు కదలనిచ్చేవారు కాదు. "గుండ్రటి మచ్చల కోసం ఊళ్లు తిరిగేవాళ్లను నిన్నే చూసినాను" అని మాత్రం అని, దారికి సద్దిరొట్టెలు కట్టి ఇచ్చారు.

గిద్దలూరు: రెండు ముద్రల దయ

నంద్యాల నుంచి గిద్దలూరు రైలు నల్లమలను చీల్చుకుని పోతుంది. సొరంగం రాగానే అందరూ కిటికీలు మూసి ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం బాబుకు దగ్గు తగ్గిందో లేదో, కామాక్షి బావి గిలక దగ్గరికి పోతోందేమో అని ఆలోచిస్తూ కిటికీ మూయడం మరిచిపోయాను. వెలుతురు వచ్చాక వెంకమ్మత్త నా ముఖం చూసి, "దేవుడా, బొగ్గులబట్టీలో నుంచి కోడలిని తెచ్చినట్టుంది" అంది. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంట్లో ఎవరూ నన్ను చూసి నవ్వరు, అందరూ నాకు భయపడతారు. ఇక్కడ నలుగురూ నన్ను చూసి నవ్వడం ఎంత హాయిగా ఉందో!

గిద్దలూరులో ఒక పూట ఆగాం. స్టేషను బయట బొరుగులు నానబెట్టి తాలింపు పెట్టిన ఉగ్గాని, మీద మిరపకాయ బజ్జి. నంద్యాలలోనూ దొరుకుతుంది గానీ ఇక్కడివాళ్లు పుట్నాలపొడి దండిగా కలుపుతారు. అడవి నుంచి వచ్చిన సీతాఫలాలు అణాకు బుట్టెడు. మద్రాసులో అణాకు రెండు ఇచ్చి ఉపకారం చేసినట్టు చూసేవాళ్లు.

పోస్టాఫీసులో గుమాస్తాను బతిమాలాను, ముద్ర కొంచెం నెమ్మదిగా, స్పష్టంగా వెయ్యమని. ఆయన మంచి మనసుతో ఒకటి వేసి, "ఇంత దూరం వచ్చినారు" అంటూ దాని మీదే ఇంకోటి వేశాడు. రెండూ కలిసి నల్లటి అట్టు అయిపోయాయి. "ఏమ్మా, సరిపోయిందా? ఇంకోటి వెయ్యనా?" అన్నాడు. నేను కార్డు లాక్కుని డబ్బాలో వేసి దణ్ణం పెట్టాను.

కంభం: తీగకు గుచ్చిన ఊళ్లు

కంభంలో వెంకమ్మత్తకు తెలిసిన ఒక ముసలాయనకు బట్టల దుకాణం ఉంది. ఉత్తరాలన్నీ ఒక వంకీ తీగకు గుచ్చి దూలానికి వేలాడదీసి ఉన్నాయి. మా నాయన కూడా అట్లే గుచ్చేవాడు. కానీ ఒక ముద్రల పిచ్చిదాని కళ్లకు అది ఎట్లా కనిపిస్తుందో చెప్పలేను. ఒక్కో ముద్ర నడినెత్తిన తీగ దిగి ఉంది! నేను "అయ్యో, అయ్యో" అంటుంటే ఆయన కంగారుపడి, "ఏందమ్మా, మనకు తెలిసినోళ్ల పేరేమన్నా కనిపించిందా?" అన్నాడు.

అడుగున, పచ్చబడిన ఒక కార్డు మీద, ఎప్పుడో మూసేసిన ఒక పల్లె పోస్టాఫీసు ముద్ర దొరికింది. తీగ దాన్ని వదిలి పక్కన గుచ్చుకుంది.

"ఇది నాకు ఇస్తారా, పెదనాయనా?"

"ఇస్తాలే తల్లీ. ఊరికే ఎందుకు, నాకొక పని చేసిపెట్టు. నా మనవరాలు పెద్దమనిషయింది. కూతురు మెట్టినింటోళ్లకు కార్డులు రాయల్ల. ఈ ఊళ్లో రాసేటోడు నాలుగు ముక్కలు రాసి నలభై ముక్కలు మాట్లాడతాడు."

కూర్చుని రాశాను. రాసిన కార్డులకు ఆయన భార్య నాలుగు మూలలా పసుపు అద్దింది. అద్దుతూ ఆమె అంది, "తీగకు గుచ్చినయన్నీ చూసినావు కదా, అన్నిటికీ నాలుగు మూలలుంటాయి. మూల పోయిన కార్డు వస్తే చూసినప్పుడే చింపేసి, తలకు నీళ్లు పోసుకుంటాం. ఇంట్లో ఉంచం."

అప్పుడు నాకు తట్టిందల్లా ముద్రల సంగతే. అయితే ఎంత పాత ఇంట్లో వెతికినా ఆ కార్డుల మీది ముద్రలు మాత్రం దొరకవన్నమాట, ఎన్ని మంచి ముద్రలు చిరిగిపోయి ఉంటాయో, అని బాధపడ్డాను. నా బుద్ధి అట్లాంటిది.

మార్కాపురం: పలకల ఊరు

మార్కాపురంలో వెంకమ్మత్త ఇంటి గోడ కూడా పలకరాయే, నీళ్లకుండ మీద మూత కూడా పలకరాయే. వీధిలో పలకలు కోసేవాళ్ల కనుబొమలు బూడిదరంగులో ఉంటాయి. దేశంలో ఎక్కడ పిల్లవాడు 'అ' దిద్దినా ఇక్కడి రాతి మీదే అని అత్త గర్వం. పిల్లలకు రెండు పలకలు కొన్నాను. కొనగానే దిగులు. బాబు ప్రతిదీ నాకి చూస్తాడు. పలక పొడి కడుపులోకి పోతే? పలకలు చేసే ఆయనను అడిగాను.

"నేను నలభై ఏండ్లుగా మింగుతాండా తల్లీ. ఇంతవరకు కడుపులో ఒక్క అక్షరం పడలే" అన్నాడు.

చెన్నకేశవుడి గుడికి వెళ్లి వచ్చాం. అక్కడ వెంకమ్మత్త దేవుణ్ణి ఏం కోరిందో గానీ నేను మంచి ముద్ర ఒక్కటి పడాలని కోరాను. దేవుడు వింటాడు. కొంచెం ఎక్కువ వింటాడు.

యర్రగొండపాలెం దాటాక

యర్రగొండపాలెం దాకా బొగ్గు బస్సు. యుద్ధం రోజులు, పెట్రోలు లేదు. వెనకాల బాయిలరు తగిలించుకుని, దగ్గుతూ పోయే బస్సు. అక్కడి నుంచి బండి. చుట్టూ కంది, ఆముదం, ఎర్రటి రాళ్లు, దూరంగా నల్లమల నీలంగా.

దారిలో ఒక ఇంటి ముందు ఆగి నీళ్లు అడిగాం. ఆ ఇంటి ఇల్లాలు లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చింది. "అమ్మా, నీళ్లు చాలు" అన్నాను. "నీళ్లెక్కడివి తల్లీ? నీళ్లు కావాలంటే కోసెడు దూరం పోవల్ల. బర్రె ఇంట్లోనే ఉంది" అంది. మా ఇంట్లో మజ్జిగ అడిగితే నీళ్లు కలిపి ఇస్తాం. ఇక్కడ నీళ్లు అడిగితే మజ్జిగ ఇస్తారు. రెండు లోటాలు తాగి, కొర్రన్నంలో చెనక్కాయల ఊరిబిండి పచ్చడి కలుపుకుని తిని, ఆ అరుగు మీదే ఒక కునుకు తీశాం. పిల్లలు గుర్తు రాని కునుకు పెళ్లయ్యాక అదొక్కటే.

పల్లె చేరేసరికి పోస్టాఫీసు అరుగు మీద ఒక చెంచు ఆడమనిషి తేనె బుంగ పెట్టుకుని కూర్చుని ఉంది. దారి పొడుగునా అడిగి తెచ్చుకున్న పాత కార్డుల కట్ట నా చేతిలో చూసి, "ఇయ్యేంది?" అంది. ముద్రలు చూపించాను. ఆమె ఒక్కోదాని మీద వేలు తిప్పి, "ఊరు దాటిపోయే కాయితానికి ఊరోళ్లు బొట్టు పెట్టి పంపుతారా? మంచిదే" అంది. ఇన్నేళ్లుగా మా అత్తగారికి నేను చెప్పలేకపోయిన మాట అది.

ఆ ముద్ర, ఆ మేక

పోస్టుమాస్టరు గారే బడిపంతులు. అరుగుకు ఒక పక్క పిల్లలు ఎక్కాలు అరుస్తుంటారు, ఇంకో పక్క చెక్కపెట్టెలో తపాలా. నేను వచ్చిన పని చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ ముద్రను అంతవరకు ఎవరూ మెచ్చుకోలేదట.

"కూర్చోండమ్మా. ఈ పొద్దు నాగన్న వచ్చినాడు గానీ కాసేపు ఉండమంటాను. రాయండి."

రాశాను: 'చిట్టితల్లీ, నేను క్షేమం. ఇక్కడి మనుషులు చాలా మంచివాళ్లు. మేకలు కూడా మంచివే, బడిలోకి కూడా వస్తాయి. జేజిని సతాయించవద్దు. మీ అమ్మ.'

ఆయన ముద్రను పంచెతో తుడిచాడు. పుల్లతో అక్షరాల మధ్య పేరుకున్న మడ్డి తీశాడు. కార్డు కింద మడిచిన గుడ్డ పెట్టుకున్నాడు. పిల్లలను ఎక్కాలు ఆపమన్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. ముద్ర పడింది. నా దగ్గరున్న వందల ముద్రల్లో అట్లాంటిది లేదు. చుట్టూ గీత ఎక్కడా తెగలేదు, ఊరి పేరులో ఒక్క అక్షరం చెదరలేదు.

"ఆరనీయండి సారూ, తాకొద్దు, తాకొద్దు!" అని అరిచాను. సిరా ఆరేందుకు కార్డును అరుగు అంచున, ఎండ తగిలే చోట పెట్టాం. అందరం వంగి ముద్రను చూస్తున్నాం. వెనక నుంచి ఎవరిదో గడ్డం వచ్చింది. అది పంతులుగారిది అనుకున్నాను.

కార్డు లాక్కునేసరికి కింది మూల పోయింది. కానీ ముద్ర! ముద్రకు ఏమీ కాలేదు! "ముద్ర బతికింది! ముద్ర బతికింది!" అని నేను గంతులేస్తుంటే పంతులుగారు ఆ సంబరంలోనే కార్డును సంచిలో వేసి, మూతి కట్టి, లక్క కరిగించి సీలు వేసి నాగన్న భుజానికెత్తారు. చదువుకున్న దాన్ని నేను, పుట్టినప్పటి నుంచీ ఆ ఊళ్లో ఉన్న మనిషి ఆయన, ఇద్దరం ముద్రనే చూశాం. మూల సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అదీగాక, ఆ మూలనే 'మీ అమ్మ' అని రాసి ఉంది. మేక దాన్నే తినేసింది. కార్డులో అమ్మ లేదు.

అడ్రసు ఉన్నామె వస్తే ఇస్తాం

బండివాడిని తరుముకుంటూ యర్రగొండపాలెం చేరాం. అక్కడి పోస్టుమాస్టరు ముందు నేను రొప్పుతూ విషయం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"సీలు సంచిలో పడినాక అది మీదీ కాదు, నాదీ కాదమ్మా. ఎవరి పేరు మీద ఉందో వాళ్లది. ఎవరామె?"

"మా అమ్మాయి."

"వచ్చి అడిగితే చూద్దాం. వయసు?"

"ఆరేళ్లు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. వెంకమ్మత్తకు నవ్వు ఆగలేదు. నాకు ఏడుపు ఆగలేదు. "పోనీ ఇంటికి తంతి కొట్టండి, నేను క్షేమం అని" అన్నారు ఆయన.

తంతి! పెళ్లయ్యాక మద్రాసులో చదివి నేను బి.ఏ. పాసయ్యానని అక్కడి నుంచి మా ఇంటికి తంతి వస్తే, విప్పి చదవకముందే మా అత్తగారు ముంగిట్లో పడిపోయారు. వీధంతా చేరి శోకాలు పెట్టింది. ఎవరో ఉల్లిపాయ కోసి వాసన చూపించారు. ఎదురింటి ప్లీడరు గారు వచ్చి, "ఏడవకండి, పాసయింది" అనే దాకా నేను పోయిన దాన్నే. మా ఇంట్లో తంతికీ, మూల తెగిన కార్డుకూ తేడా లేదు. రెండూ ఒకేసారి వెళ్తే ఇక చెప్పనక్కర్లేదు. కార్డు కంటే ముందు నేనే ఇల్లు చేరాలి. వేరే దారి లేదు.

కానీ ఒక అదృష్టం. టపా సంచి ఎక్కేదీ, మేం ఎక్కేదీ అదే బస్సు. డ్రైవరు వెనకాల సంచి, దాని పక్కన నేను. సంచి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను. ఇది ఎక్కిన రైలే నేనూ ఎక్కితే, రాత్రికి నంద్యాలలో దిగుతాను. కార్డు పొద్దున గానీ ఇంటికి రాదు. లెక్క కుదిరింది. నాకు పాట వచ్చింది. నిజంగానే పాడాను.

"నీ చావుకబురు ఒళ్లో పెట్టుకుని పాడేదానివి నువ్వొక్కదానివే" అని వెంకమ్మత్త అంది. అని, వెంటనే "తూ తూ తూ" అని మూడు పక్కలా ఊసి, చెంపలు వేసుకుంది.

నాలుగు మైళ్లు పోయాక బస్సు దగ్గి ఆగిపోయింది. బొగ్గు బాయిలరు చల్లారింది. మగవాళ్లందరూ దిగి విసనకర్రలతో, తువ్వాళ్లతో విసిరారు. వెంకమ్మత్త చేట ఒకటి సంపాదించి విసిరింది. నేను కార్డుల కట్టతో విసిరాను. బస్సు కదలలేదు. అప్పుడే మిలిటరీకి వెదురు తోలే లారీ ఒకటి వచ్చింది. దానికి పెట్రోలుంది. కండక్టరు చెయ్యి ఎత్తి ఆపి, టపా సంచి భుజాన వేసుకుని దాంట్లో ఎక్కాడు!

"అన్నా, మమ్మల్ని ఎక్కించుకో అన్నా!" అని పరుగెత్తాను.

"చోటు లేదక్కా. జనాన్ని ఇడిసిపెడితే తిడతారు. టపా ఇడిసిపెడితే ఉద్యోగం పోతాది. ఏమనుకోవద్దు!"

లారీ పోయింది. బస్సు, డ్రైవరు, మేము మిగిలాం. వెంకమ్మత్త చేట పక్కన పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "ఎంత మర్యాదో చూడు, నీ కార్డుకు సీటు దొరికింది" అంది. ఆ మాటకు ఆ రోడ్డు మీద, ఆ ఎండలో, అపరిచితుల మధ్య, నేను ఏడుస్తూ ఏడుస్తూ పకపకా నవ్వాను.

బాయిలరు మళ్లీ రాజుకుని బస్సు కదిలినా, స్టేషను ఇంకా కనబడకముందే మా రైలు కూత వినిపించింది. అది మా కోసం కాదు. మర్నాటి దాకా ఇంకో బండి లేదు.

నంద్యాల వీధిలో

మర్నాడు రైల్లో సొరంగం వచ్చినా నాకు తెలియలేదు. సీతాఫలాలు కొనలేదు. వెంకమ్మత్త తోడు వచ్చింది. "ఏమైనా అయ్యుంటే మీ అత్త తిట్లు పంచుకోవడానికి" అంది గానీ, ఆమె పెదాలు కూడా ఎండిపోయి ఉన్నాయి. మా అత్తగారి గుండె తంతికే ఆగబోయింది. పిల్లల తలల మీద నీళ్లు పోసి ఉంటారా? కామాక్షికి ఏం చెప్పి ఉంటారు? 'అమ్మ రాదు' అని చెప్పి ఉంటారా? నేను లేని ఇంట్లో బాబుకు అన్నం ఎవరు కలిపి పెడుతున్నారు? ఆలోచన అక్కడిదాకా వెళ్లి ఆగేది. మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది.

జట్కా మా వీధి మలుపు తిరిగింది. పొద్దున టపా పంచేసి చాలాసేపయి ఉంటుంది. శోకాలు వినబడలేదు. దాంతో ఇంకా భయం వేసింది. ఇంటి ముందు చెప్పులు లేవు. తలుపు తీసే ఉంది. లోపల మా అత్తగారు చేటలో మిరపకాయలు వేసుకుని తొడిమలు తీస్తున్నారు.

"అప్పుడే వచ్చినావా? నాలుగు రోజులుంటానంటివే?" అన్నారు.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. "కార్డు వచ్చిందా అత్తయ్యా?"

"రోజూ వచ్చేది. ఈ పొద్దు రాలే."

రాలేదు! వెంకమ్మత్త, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. తర్వాత ఏం జరిగిందో సరిగా గుర్తులేదు. ఇద్దరం చేతులు పట్టుకుని గుమ్మంలో గిర్రున తిరిగామని, మిరపకాయలు తొక్కామని మా అత్తగారు చెబుతారు. బాబు పరుగెత్తుకొచ్చి నా కాళ్లకు చుట్టుకున్నాడు. కామాక్షి మాత్రం వంటింటి తలుపు చాటున నిలబడి, పిలిస్తే తల అడ్డంగా ఊపింది. అలిగిందనుకున్నాను. పలకలు చూపించాను. రాలేదు.

నేను మాత్రం సంబరంగా వీధి అరుగు మీద కాపలా కూర్చున్నాను. పోస్టుమ్యాన్ కనబడితే, ఆ కార్డు అందరికంటే ముందు నా చేతిలో పడాలి. సాయంత్రం అతను సైకిలు మీద ఇంటికి పోతూ కనబడ్డాడు.

"మా కార్డు రేపు వస్తుందేమో, నాకే ఇవ్వండి" అన్నాను.

"రేపేందమ్మా? పొద్దున్నే ఇచ్చినా కదా. పాప పేరు మీదది పాపకే ఇచ్చినాను. ఆయమ్మ సంతకం కూడా పెడతానంటే నవ్వుకున్నా" అని సైకిలు తొక్కుకుంటూ పోయాడు.

పొద్దున

కామాక్షిని ఆ పూట అడగలేదు. అప్పటికే నిద్రపోయింది. పొద్దున లేచేసరికి నా మంచం పక్కన నిలబడి ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను చింపలేదమ్మా. తమ్ముడు కూడా చింపలేదు. పోస్టాయన ఇచ్చినప్పుడే అట్ల ఉన్నింది. నువ్వు తిడతావని బియ్యం డబ్బాలో పెట్టినా. జేజికి కూడా చూపించలే."

బియ్యం తవుడు అంటిన కార్డును ముందుకు చాచింది. నలగలేదు. తడవలేదు. ముద్ర చెక్కుచెదరలేదు. మా అత్తగారు అప్పుడే అటు వచ్చారు. కార్డు మూల చూశారు. ఆమె చేతిలో చెంబు కిందపడింది. కార్డు వైపు, నా వైపు, మళ్లీ కార్డు వైపు చూశారు. నేను లేచి వెళ్లి ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె నా ముఖమంతా తడిమి, ఉప్పు తీసుకురావడానికి లోపలికి వెళ్లారు. దిష్టి తీసి, ఆ ఉప్పు పొయ్యిలో వేశారు.

వెంకమ్మత్త జరిగిందంతా చెప్పింది. గడ్డం ఎట్లా వచ్చిందో చేసి చూపించింది. బాబు పొట్ట పట్టుకుని నవ్వి, మేకకు కడుపునొప్పి వచ్చిందా అని అడిగాడు. కామాక్షి ఇంకా నవ్వలేదు. కార్డు చివర ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి, ఇక్కడ ఏముండేదని అడిగింది.

పిల్లలిద్దరినీ దగ్గరికి తీసుకుని చెప్పాను:

"అక్కడ 'మీ అమ్మ' అని ఉండేది. మేకకు అదే రుచిగా ఉన్నట్టుంది. ఇకనుంచి నా కార్డు మూల చిరిగినా, తడిసినా, మేక సగం తినేసినా దాచొద్దు. ముందు జేజికి గట్టిగా చదివి వినిపించండి. ముద్ర సంగతి నేను వచ్చినాక చూసుకుంటాను. తిట్టను."